డబ్బా పాలు ఎంత కలపాలి? ఐదు స్కూపులా, నాలుగా?

ఈ వారం టాపిక్ ఒక వాయిస్ మెసేజ్ నుంచి వచ్చింది. కరీంనగర్ వైపు నుంచి ఒక చెల్లి పంపింది. పేరు చెప్పను. పాపకి పది వారాలు, బరువు 5 కిలోలు. కాన్పు తర్వాత తనకి ఆరోగ్యం బాగా దెబ్బతిందట, పాలు సరిగా పడలేదు, డాక్టరే డబ్బా పాలు రాశారు. మెసేజ్‌లో తన మాటలు ఇవీ: "అన్నా, పొద్దుగాల నుంచి రాత్రి దాంక ఆరుసార్లు పడుతున్న. 400 గ్రాముల డబ్బా మూడు రోజులకే అయిపోతుంది. మా అత్తమ్మేమో ఐదు స్కూపుల కాడ నాలుగే వెయ్యి, పల్చగుంటే మంచిగ అరుగుతది అంటుంది. వెయ్యొచ్చా?"

ఒక్క నిమిషం మెసేజ్. కానీ దాంట్లో డబ్బు ఉంది, అత్తాకోడళ్లు ఉన్నారు, మధ్యలో మాట రాని పాప ఉంది. అందుకే ఒక్క ముక్కలో "వద్దు" అని రిప్లై పెట్టి వదిలేయకుండా కూర్చుని లెక్క వేశాను.

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాను. బీటెక్ చేసి, కొన్నేళ్లు కోడ్ రాసి, ఇప్పుడు కెమెరా ముందు కూర్చున్న మనిషిని. లెక్క వరకే నా పని. మీ బిడ్డ విషయంలో ఆఖరి మాట మీ పిల్లల డాక్టర్‌దే. ఇంకోటి, తల్లిపాలు ఇవ్వగలిగితే మొదటి ఆరు నెలలు అవే చాలు, వేరేవేవీ అక్కర్లేదు. ఈ ఎపిసోడ్ ఆ వీలు లేనివాళ్లకి, సగం అవీ సగం ఇవీ ఇస్తున్నవాళ్లకి. వాళ్లని "ఎందుకు పాలివ్వట్లేదమ్మా" అని అడిగేవాళ్లు ఊరినిండా ఉన్నారు. ఎంత పట్టాలో కూర్చోబెట్టి చెప్పేవాళ్లే లేరు.

సరే, మొదలుపెడదాం. డబ్బా పాలల్లో రెండు నంబర్లు ఉంటాయి. జనం ఆ రెండిటినీ కలిపేసి తికమక పడతారు. ఒకటి చిక్కదనం: ఎన్ని నీళ్లకి ఎన్ని స్కూపులు. రెండోది మోతాదు: కలిపిన పాలు రోజు మొత్తంలో ఎన్ని ఎంఎల్. ప్రోగ్రామింగ్ భాషలో చెప్పాలంటే మొదటిది కాన్‌స్టంట్, రెండోది వేరియబుల్. చిక్కదనం డబ్బా మీద ఏది రాసి ఉంటే అదే. అమ్మ మార్చకూడదు, అమ్మమ్మ మార్చకూడదు, యూట్యూబ్‌లో నేను చెప్పినా మార్చకూడదు. మోతాదు మాత్రం బిడ్డని బట్టి, రోజుని బట్టి మారుతూనే ఉంటుంది. మన ఇళ్లలో జరిగేది సరిగ్గా దీనికి తిరగేసి. సీసాలో మోతాదు మాత్రం 150 అని పట్టుకుని కూర్చుంటారు, స్కూపుల దగ్గరకొచ్చేసరికి ఒకటి అటూ ఇటూ చేస్తారు.

ఇప్పుడు మోతాదు లెక్క. పిల్లల డాక్టర్లు వాడే మామూలు సూత్రం ఒకటుంది: కిలో బరువుకి రోజుకి 150 ఎంఎల్. బ్రిటన్‌లో ఎన్‌హెచ్‌ఎస్ వాళ్లు 150 నుంచి 200 అంటారు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం పౌను బరువుకి రెండున్నర ఔన్సులు అంటుంది. దాన్ని మన కొలతలోకి మారిస్తే కిలోకి 160 పైచిలుకు. అందరూ దాదాపు ఒకే చోట తిరుగుతున్నారు, ఎందుకంటే వెనకాల ఉన్న లెక్క ఒకటే. కలిపిన డబ్బా పాలు 100 ఎంఎల్‌లో సుమారు 67 కేలరీలు ఉంటాయి. తల్లిపాలల్లోనూ దగ్గరదగ్గరగా అంతే, వాటిని చూసే ఇవి తయారుచేస్తారు. అంటే 150 ఎంఎల్‌కి 100 కేలరీలు. మొదటి కొన్ని నెలల్లో బిడ్డకి కిలో బరువుకి రోజుకి కావలసినవి కూడా సుమారు 100 కేలరీలే. అంతే సంగతి. 150 అనేది ఎవరో గాల్లోంచి తీసింది కాదు.

మన పాపకి పెట్టి చూద్దాం. 5 కిలోలు ఇంటూ 150, రోజుకి 750 ఎంఎల్. ఆరుసార్లు పడితే ఒక్కోసారికి 125.

మరి ఆ చెల్లి ఎంత కలుపుతోంది? డబ్బా వెనక చార్టులో వయసుని బట్టి ఇచ్చిన వరస చూసి 150 ఎంఎల్ నీళ్లకి 5 స్కూపులు. మన దగ్గర దొరికే డబ్బాల్లో ఎక్కువ వాటికి 30 ఎంఎల్ నీళ్లకి ఒక స్కూపు లెక్క. ఇక్కడ చాలామంది చూడని చిన్న సంగతి ఉంది. పొడి కలిశాక పాలు కొంచెం పెరుగుతాయి. 30 నీళ్లకి ఒక స్కూపు వేస్తే సుమారు 33 ఎంఎల్ పాలు అవుతాయి. అంటే తను కలిపేది ఒక్కోసారికి 165, ఆరుసార్లకి 990. పాపకి కావలసింది 750 దగ్గర. మిగతాది ఎటు పోతోంది? అదే అడిగాను. "మిగిలింది పారబోస్తున్న అన్నా, దాచొద్దు అన్నరు కదా" అంది. దాచొద్దన్నది నిజమే. బిడ్డ నోరు పెట్టిన సీసాలో పాలు మళ్లీ వాడకూడదు, నోట్లో క్రిములు దాంట్లోకి చేరతాయి. కానీ రోజూ గ్లాసు నిండా పాలు సింకులో పోస్తున్నాం అంటే కలిపేదే ఎక్కువైందని అర్థం.

స్కూపుల్లో చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. ఒక స్కూపు సుమారు నాలుగున్నర గ్రాములు అనుకుందాం, బ్రాండుని బట్టి కొంచెం మారుతుంది. 400 గ్రాముల డబ్బాలో 88 స్కూపులు. రోజుకి 30 స్కూపులు వాడితే మూడు రోజులు కూడా నిండవు. నెలకి పది డబ్బాలు. ఇప్పుడు 120 ఎంఎల్ నీళ్లు, 4 స్కూపులు వేసి చూడండి. సుమారు 132 ఎంఎల్ పాలు, ఆరుసార్లకి 790. పాపకి సరిపోయి పైన కొంచెం మిగులుతుంది. రోజుకి 24 స్కూపులు, నెలకి ఎనిమిది డబ్బాల చిల్లర. రెండు డబ్బాలు మిగిలాయి. మీ మెడికల్ షాపులో డబ్బా ఎంతో దాన్ని రెండుతో గుణించి చూసుకోండి.

గమనించారా? అత్తమ్మ చెప్పిన నాలుగు స్కూపులే కరెక్టు! కాకపోతే నీళ్లు కూడా 120కి తగ్గాలి. ఆవిడ సగం లెక్క కరెక్టుగా చెప్పింది. ఇది వినగానే ఆ చెల్లి గట్టిగా నవ్వింది, "ఈ ముక్క మా అత్తమ్మకి నువ్వే చెప్పు అన్నా" అంది. చెప్తున్నా అత్తమ్మా, నమస్తే. నాలుగు మీదే. నీళ్లు మాత్రం గీత చూసి పోయండి.

ఇంకా పొదుపు కావాలంటే ఒక పద్ధతి ఉంది. ముందు 90 నీళ్లకి 3 స్కూపులు కలపండి. తాగేసి ఇంకా వెతుక్కుంటుంటే అప్పుడు 30కి ఒక స్కూపు కలిపి ఇవ్వండి. రెండుసార్లు కలపడం చిరాకే, ముఖ్యంగా రాత్రి రెండింటికి. కానీ పారబోయడం బాగా తగ్గుతుంది.

ఇప్పుడు అసలు భయపడాల్సిన సంగతి. 150 నీళ్లలో నాలుగే స్కూపులు వేస్తే ఏమవుతుంది? కేలరీలు అయిదో వంతు తగ్గుతాయి. పాప 750 తాగినా 500 కేలరీల చోట 400 దగ్గరే ఆగిపోతుంది. పొట్ట నిండినట్టే ఉంటుంది, ఏడుపు కూడా ఆగొచ్చు, అందుకే ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. బరువు మాత్రం పెరగదు. రెండోది ఇంకా ప్రమాదం. పసిపిల్లల కిడ్నీలు ఎక్కువ నీటిని త్వరగా బయటికి పంపలేవు. నీళ్లు ఎక్కువైతే రక్తంలో సోడియం పడిపోతుంది, బాగా పడిపోతే ఫిట్స్ దాకా వెళ్లొచ్చు. "పల్చగుంటే అరుగుతుంది" అనేది పెద్దవాళ్లు గేదెపాలతో చూసిన అనుభవం. అవి చిక్కన, నీళ్లు కలిపేవారు. డబ్బా పాలకి ఆ నీళ్ల లెక్క ముందే వేసేశారు, మనం రెండోసారి వేయకూడదు.

ఉల్టా కూడా చేస్తారు. "బిడ్డ బక్కగా ఉంది, ఒక స్కూపు ఎక్కువ వెయ్యి" అని. అప్పుడు మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం, సోడియం ఈసారి పైకి పోవడం. స్కూపు కుక్కి నింపడం, గోపురంలా తీయడం కూడా ఇదే కిందకి వస్తుంది. వదులుగా తీసి, శుభ్రమైన కత్తి వెనకవైపుతో పైన చదును చేయాలి. ముందు నీళ్లు, తర్వాత పొడి. సీసాని చేత్తో ఎత్తి పట్టుకుని కాదు, చదునైన చోట పెట్టి, కళ్లని గీత ఎత్తుకి దించి చూడాలి. స్కూపు ఆ డబ్బాలో వచ్చిందే వాడాలి.

ఈ స్కూపు దగ్గర మన తెలుగు ఇళ్లకి మాత్రమే వచ్చే ఒక బగ్ ఉంది. డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో అక్కవాళ్లు వస్తూ అక్కడి డబ్బా తెస్తారు. అమెరికా డబ్బాల్లో చాలావాటికి ఒక స్కూపు 2 ఔన్సుల నీళ్లకి, అంటే 60 ఎంఎల్‌కి. మన అలవాటులో 30కి ఒకటి వేస్తే పాలు రెండింతలు చిక్కన. అటునుంచి ఇటు కూడా అంతే, పురుడు పోయడానికి అక్కడికెళ్లిన అమ్మమ్మ ఇక్కడి లెక్కతో కలపకూడదు. ప్రతి కొత్త డబ్బా వెనకవైపు చదవాల్సిందే.

నీళ్ల వేడి గురించి ఒక్క మాట. పొడి స్టెరైల్ కాదు, అరుదుగా దాంట్లో బాక్టీరియా ఉండొచ్చు. అందుకే డబ్ల్యూహెచ్‌ఓ ఏమంటుందంటే, మరిగించిన నీళ్లని అరగంటకి మించి చల్లార్చకుండా, 70 డిగ్రీలకి తగ్గకముందే పొడి కలిపి, తర్వాత సీసాని చల్లనీళ్లలో ఉంచి గోరువెచ్చగా చేసి పట్టాలి. రెండు నెలల లోపు పిల్లలకి, నెలలు నిండకుండా పుట్టినవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. కలిపిన పాలు బయట రెండు గంటలకి మించి ఉంచొద్దు.

అన్నట్టు, దీన్ని "ఫార్ములా" అని ఎందుకంటారో తెలుసా? నిజంగానే ఒకప్పుడు అది గణిత సూత్రం. 1890ల్లో బోస్టన్‌లో థామస్ మోర్గన్ రోచ్ అనే పిల్లల డాక్టర్ ఆవుపాలల్లో కొవ్వు ఇంత శాతం, చక్కెర ఇంత శాతం, ప్రొటీన్ ఇంత శాతం అని బిడ్డబిడ్డకీ విడిగా చీటీ రాసేవాడు. అది పట్టుకెళ్తే వాకర్ గోర్డన్ అనే మిల్క్ లాబొరేటరీలో అలా కలిపి ఇచ్చేవారు. డాక్టర్లు బీజగణితంతో కుస్తీ పట్టాల్సి వచ్చేది. ఆ గొడవ ఇప్పుడు మనకి లేదు, డబ్బాలోనే అయిపోయింది. మనకి మిగిలింది గుణకారం ఒక్కటే.

ఆ గుణకారం కూడా అన్నిచోట్లా పనిచేయదు. కోడ్‌లో ఎడ్జ్ కేసులు అంటాం చూడండి, అవి ఇక్కడా ఉన్నాయి.

మొదటిది, పుట్టిన మొదటి వారం. ఆ బుజ్జి పొట్టకి 150 లెక్క వర్తించదు. మొదటి రోజు కిలోకి 60 దగ్గర మొదలుపెట్టి, రోజుకి కొంచెం కొంచెం పెంచుతూ వారం చివరికి 150కి తెస్తారు. 3 కిలోల బిడ్డకి మొదటి రోజు ఎనిమిదిసార్లు పడితే ఒక్కోసారికి 20 ఎంఎల్ పైన. అంతే. "ఇంతేనా?" అని కంగారుపడి 60 పట్టేస్తే కక్కేస్తారు. ఆ రోజుల్లో బరువు కొంచెం తగ్గడం కూడా మామూలే, రెండు వారాల్లోపు పుట్టినప్పటి బరువుకి వచ్చేస్తారు.

రెండోది, నాలుగైదు నెలలు దాటాక. ఏడున్నర కిలోల బిడ్డకి 150 చొప్పున వేస్తే 1125 ఎంఎల్ వస్తుంది. అంత అక్కర్లేదు. అప్పటికి పెరిగే వేగం తగ్గి, కిలోకి కావలసిన కేలరీలు 80 దగ్గరకి దిగుతాయి. అమెరికా డాక్టర్ల సంఘం 24 గంటల్లో మామూలుగా 32 ఔన్సులు, అంటే సుమారు 950 ఎంఎల్, అంతకు మించొద్దంటుంది. దానికి మించి అడుగుతుంటే డాక్టర్‌తో మాట్లాడండి.

మూడోది, నెలలు నిండకుండా పుట్టినవాళ్లు, తక్కువ బరువుతో పుట్టినవాళ్లు, గుండె సమస్య లాంటివి ఉన్నవాళ్లు. వాళ్లకి ఈ వీడియో లెక్క అస్సలు వాడొద్దు. ఆసుపత్రిలో రాసిచ్చిందే ఫైనల్.

నాలుగోది అమ్మపాలు, డబ్బా పాలు రెండూ ఇచ్చేవాళ్లు. మీకు కాలిక్యులేటర్ పనిచేయదు, ఎందుకంటే అమ్మపాలు ఎంత తాగిందో కొలిచే గీత లేదు. ముందు అమ్మపాలు పట్టి, తర్వాత కావాలంటే డబ్బా పాలు. డబ్బా పాలు పెంచిన కొద్దీ అమ్మపాలు తగ్గుతాయి, బిడ్డ చప్పరించిన కొద్దీ పెరుగుతాయి. తగ్గిపోయిన పాలు మళ్లీ తెప్పించుకోవడం కూడా చాలామందికి సాధ్యమే, ఎంత తొందరగా మొదలుపెడితే అంత తేలిక. కరీంనగర్ చెల్లికి కూడా ఇదే చెప్పాను, ఆరోగ్యం కుదుటపడింది కదా, ఒకసారి డాక్టర్‌ని అడుగు అని.

ఇక అన్నిటికంటే పెద్ద సంగతి. 750 వచ్చింది కదా అని ఆరుసార్లూ 125 చొప్పున తాగించి తీరాలనుకోవద్దు. ఆ నంబరు మీకోసం, ఎంత కలపాలో తెలియడానికి. ఎంత తాగాలో బిడ్డ చెప్తుంది. ఆకలేస్తే చేతులు నోట్లో పెట్టుకుంటుంది, తల అటూ ఇటూ తిప్పి వెతుకుతుంది, పెదాలు చప్పరిస్తుంది. ఏడుపు ఆఖరి స్టేజి. చాలనుకుంటే తాగే వేగం తగ్గుతుంది, మొహం తిప్పేస్తుంది, నోరు మూసేస్తుంది. అప్పుడు సీసాలో 30 మిగిలున్నా ఆపేయాలి. "ఆ కాస్తా అయిపోగొట్టు" అని పీకని నోట్లో తిప్పడం మన ఇళ్లలో అలవాటు. డబ్బా ఖరీదు గుర్తొచ్చి అలా చేస్తాం, నాకు అర్థమవుతుంది. అందుకే తక్కువ కలపమంటున్నా.

పొద్దున 80 తాగి, మధ్యాహ్నం 150 లాగేసే పిల్లలు మామూలే. ఒక్క సీసా చూసి కంగారు పడకండి. ఫోన్‌లో నోట్స్ తెరిచి టైము, ఎంత తాగింది, అంతే రాయండి. మూడు రోజుల మొత్తం తీసి మూడుతో భాగించండి. ఆ సగటు లెక్కకి దగ్గరగా ఉంటే చాలు. దీనికి యాప్‌లు బోలెడున్నాయి, కానీ టైమ్ అయిందని నోటిఫికేషన్ పెట్టి నిద్రపోతున్న మూడు నెలల బిడ్డని లేపే యాప్‌లంటే నాకు మంట. బరువు బాగా పెరుగుతున్న బిడ్డని రాత్రి లేపి తాగించే పని లేదు. మొదటి రెండు వారాలు వేరు, అప్పుడు లేపమని డాక్టర్లే చెప్తారు.

పాలు సరిపోతున్నాయా అనేదానికి సాక్ష్యం సీసాలో లేదు, డైపర్‌లో, తూకంలో ఉంది. మొదటి వారం దాటాక రోజుకి ఆరు, అంతకంటే ఎక్కువ తడి డైపర్లు ఉండాలి. మొదటి మూడు నెలల్లో బరువు రోజుకి సుమారు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. అంగన్‌వాడీలో తూకం వేసి ఎంసీపీ కార్డులో గ్రాఫ్ మీద చుక్క పెడతారు, ఉచితం. ఆ కార్డు బీరువాలో టీకాల కోసమే పడి ఉంటుంది చాలా ఇళ్లలో. బయటికి తీయండి. ఒక్క చుక్క కాదు, చుక్కలు కలిపితే వచ్చే గీత పైకి పోతోందా చూడండి. గీత చదునుగా ఉంటే, డైపర్లు తగ్గితే, బిడ్డ మత్తుగా పడి ఉండి పాలు వద్దంటుంటే అది కాలిక్యులేటర్ పని కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంకో ప్రశ్న ప్రతి ఎండాకాలం వస్తుంది: మధ్యలో మంచినీళ్లు పట్టొచ్చా? ఆరు నెలల లోపు వద్దు. రెంటచింతల ఎండలో ఉన్నా వద్దు. సరిగ్గా కలిపిన పాలల్లో నీళ్లే ఎక్కువ. దాహమేస్తే ఇంకోసారి పాలు అడుగుతుంది, ఇవ్వండి.

సీసా గురించి అమ్మమ్మల పక్షాన ఒక మాట. మన ఉగ్గుగిన్నె ఉంది చూడండి, ముక్కు ఉన్న చిన్న వెండి గిన్నె, దాన్ని పాతకాలం వస్తువు అని అటకెక్కించాం. ఆసుపత్రుల్లో తక్కువ బరువు పిల్లలకి పలాడై అని వాడేది దాదాపు అదే. సీసాకంటే గిన్నె కడగడం సులువు, మూలల్లో పాలు ఇరుక్కోవు. బిడ్డని నిటారుగా కూర్చోబెట్టుకుని, పెదవికి తాకించి కొంచెం కొంచెం పట్టాలి, నోట్లో కుమ్మరించకూడదు. నెమ్మదిగా వెళ్తుంది కాబట్టి చాలు అని చెప్పే టైము బిడ్డకి దొరుకుతుంది. సీసానే వాడుతుంటే మధ్యమధ్యలో ఆపి, త్రేన్పు తీయించి పట్టండి.

"ఏ బ్రాండు మంచిది అన్నా" అని అడగబోయేవాళ్లకి: చెప్పను, లింకు పెట్టను. 1992లో ఒక చట్టం వచ్చింది, 2003లో సవరించారు. రెండేళ్ల లోపు పిల్లల డబ్బా పాలకి, పాలసీసాలకి మన దేశంలో ప్రకటనలు నిషేధం. ఫ్రీ శాంపిల్స్ ఇవ్వకూడదు, డబ్బా మీద పసిపిల్లల బొమ్మ కూడా ఉండకూడదు. ఇన్‌ఫ్లుయెన్సర్లు ఎవరైనా చేతిలో డబ్బా పట్టుకుని నవ్వుతుంటే ఆ నవ్వుకి ఎవరు డబ్బులిచ్చారో ఆలోచించండి. ఆరు నెలల లోపు బిడ్డకి స్టేజ్ 1 అని ఉన్నది, డాక్టర్ రాసింది, ఎక్స్‌పైరీ చూసి తీసుకోండి, అంతే.

వచ్చే వారం ఆరో నెల, మొదటి ముద్ద. రాగి జావతో మొదలుపెట్టాలా, పప్పన్నంతోనా అని మీ ఇంట్లో గొడవ జరుగుతుంటే రెండు వైపుల వాదనలూ వాయిస్ మెసేజ్‌లో పంపండి, అమ్మమ్మ గొంతులో అయితే ఇంకా మంచిది. ఉంటానండీ.